ఉత్సవ వీథిలో శాక్సోఫోన్ – మంగళవాద్యానికి తోడుగా, దానికి బదులుగా కాదు

యాగంటి ఉమామహేశ్వరుని దర్శించుకొని బనగానపల్లె మీదుగా తిరిగి వెళ్ళే యాత్రికులు మా ఊరి ఉత్సవ దినాలలో వచ్చినట్లయితే, స్వామివారి పల్లకి ముందు ఒక కొత్త దృశ్యం వారి కంట పడుతుంది. ముందు వరుసలో నాదస్వరం, డోలు, తాళం. వాటికి పది అడుగులు వెనుకగా, పంచెకట్టుతో, మెడలో పట్టీలు వేసుకొని, బంగారు వన్నె వాద్యాలు పట్టుకొని నడిచే ఏడుగురు. ఆ వాద్యం శాక్సోఫోన్. ఆ ఏడుగురిలో నేనొకడిని.

మాలో ఒక్కరు తప్ప ఎవరమూ వృత్తి వాద్యకారులము కాము. నేను ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులును. తక్కినవారిలో ఇద్దరు మామిడి తోటల రైతులు, ఒకరు దర్జీ, ఒకరు నాపరాళ్ళ పాలిష్ పనిచేసే కార్మికుడు, ఒకరు కళాశాల విద్యార్థి. ఏడవవారు పూర్వం పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో వాయించి, వయసు మీద పడి మానుకొన్న పెద్దాయన. మాకు మొదటి గురువు ఆయనే. మాకు పేరున్న సంస్థ లేదు, రుసుము లేదు. సాయంకాలం పనులు ముగిశాక ఊరి బయట మామిడి తోటలో కూర్చొని సాధన చేస్తాము. ఇంటిలో వాయిస్తే ఇరుగుపొరుగువారు ఓర్చుకోలేరు.

దర్శనానికి వచ్చిన భక్తులు మమ్ములను చూసి మూడు ప్రశ్నలు తరచుగా అడుగుతారు. ఇది సినిమాలలో, పెళ్ళిళ్ళలో వినబడే వాద్యం కదా, దేవుని ముందుకు ఎలా వచ్చింది? విదేశీ వాద్యంలో మన రాగం పలుకుతుందా? ఇది వచ్చాక ఇక సన్నాయి మేళం ఎందుకు? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం సులభం. మూడవదానికి సమాధానం నేను నా పొరపాటు ద్వారా నేర్చుకొన్నాను. ఈ మూడింటికీ నాకు తెలిసినంతలో సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇత్తడి దేహం, రెల్లు నాలుక

చూడటానికి శాక్సోఫోన్ నిలువెల్లా ఇత్తడి. అయినా వాద్య శాస్త్రజ్ఞులు దానిని కొమ్ము, బాకా వంటి లోహ వాద్యాల వర్గంలో చేర్చరు. పిల్లనగ్రోవి, క్లారినెట్ వంటి కర్ర వాద్యాల వర్గంలోనే చేరుస్తారు. కారణం దాని నోటిలో ఉంది. బాకాలో శబ్దం వాద్యకారుని పెదవుల కంపనం వల్ల పుడుతుంది. శాక్సోఫోన్‌లో మాత్రం రెల్లుతో చేసిన పలుచని బద్ద ఒకటి కంపించి శబ్దాన్ని పుట్టిస్తుంది. దానిని వాద్యకారులు రీడు అంటారు. ఇత్తడి గొట్టం ఆ శబ్దానికి దేహం మాత్రమే, నాలుక రెల్లుదే.

మన నాదస్వరానికీ ప్రాణం రెల్లులోనే ఉంది. అక్కడ రెండు రేకులు ఒకదానినొకటి ఆనుకొని కంపిస్తాయి. ఇక్కడ ఒకే రేకు కంపిస్తుంది. అంతకంటె ముఖ్యమైన బంధుత్వం మరొకటి ఉన్నది. నాదస్వరం పైన సన్నగా మొదలై క్రిందికి పోయేకొలదీ వెడల్పు అవుతుంది. శాక్సోఫోన్ గొట్టం కూడా అంతే. వంపు తిరిగి ఉన్నందున మనకు అది వెంటనే తెలియదు. సాగదీసి నిలబెడితే అదీ ఒక పెద్ద శంకువే. ఇలా శంకువు ఆకారంలో ఉన్న వాద్యంలో ఊపిరి ఒత్తిడి పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి లేస్తుంది. మధ్యస్థాయి షడ్జానికి ఏ వేళ్ళు వేశామో, తారస్థాయి షడ్జానికీ దాదాపు అవే వేళ్ళు. క్లారినెట్ గొట్టం మొదటి నుండి చివర వరకు ఒకే వెడల్పు కాబట్టి అందులో ఈ సౌలభ్యం లేదు. అక్కడ ఊపిరి పెంచితే స్వరం స్థాయిని దాటి ఆ పైనున్న పంచమానికి ఎగురుతుంది.

కనుక శాక్సోఫోన్ విదేశంలో పుట్టినా గుణంలో మన సన్నాయికి దూరపు చుట్టమే. ఆరుబయట, వీథిలో, వేలమంది నడుమ మైకు లేకుండా వినిపించగల గొంతు ఉండటం ఈ రెండింటికీ ఉన్న మరొక పోలిక.

పారిస్ నుండి మంగళూరు దాకా

ఈ వాద్యాన్ని రూపొందించినవాడు అడాల్ఫ్ సాక్స్. 1814లో బెల్జియం దేశంలోని దినాంత్ పట్టణంలో జన్మించాడు. తండ్రి వాద్యాలు తయారుచేసేవాడు. సాక్స్ 1842లో పారిస్ చేరి, 1846లో తన కొత్త వాద్యానికి ఫ్రాన్సులో పేటెంటు పొందాడు. అతని ఇంటిపేరే వాద్యానికి పేరయింది. సైనిక బృందాలలో కర్ర వాద్యాల మార్దవం, లోహ వాద్యాల బలం రెండూ ఒకచోట ఉండే గొంతు కావాలన్నది అతని తలంపు. యూరప్ సైన్యాలలోనికి, అక్కడ నుండి ఆంగ్లేయుల కాలంలో మన దేశపు సైనిక బృందాలలోనికి, సంస్థానాల ఆస్థాన బ్యాండులలోనికి, చివరకు ఊరూరా పెళ్ళి మేళాలలోనికి ఇటువంటి వాద్యాలు దిగివచ్చాయి. నేటికీ మన దేశంలో బ్యాండు వాద్యాల తయారీకి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నగరం ప్రసిద్ధి.

పెళ్ళి మేళంలోని వాద్యాన్ని కచేరీ వేదిక మీద కూర్చోబెట్టి, రాగాలాపన చేయించి, దానికి గౌరవం తెచ్చిన మహనీయుడు కద్రి గోపాల్‌నాథ్. మన సత్యసాయి జిల్లాలోని కదిరి అనుకొని కొందరు పొరబడుతుంటారు. ఈ కద్రి మంగళూరులో మంజునాథస్వామి వెలసిన క్షేత్రం. ఆయన 1949లో మంగళూరుకు సమీపంలోని బంట్వాళ ప్రాంతంలో జన్మించారు. తండ్రి తనియప్ప నాదస్వర విద్వాంసుడు. మన ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉన్నది. శాక్సోఫోన్ కర్ణాటక సంగీతంలోనికి వచ్చినది నాదస్వరం మోగే ఇంటి వాకిలి గుండానే. చిన్ననాట మైసూరు రాజప్రాసాదపు బ్యాండులో ఈ వాద్యాన్ని చూసి, ఆ బాలుడు దాని మీద మనసు పడ్డాడు. మంగళూరులో గోపాలకృష్ణ అయ్యర్ గారి వద్ద, తరువాత మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ గారి వద్ద సంగీత శిక్షణ పొంది, ఏళ్ళ తరబడి సాధన చేసి, శాక్సోఫోన్ చేత గమకం పలికించారు. 1994లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో బి.బి.సి. వారి ప్రామినేడ్ ఉత్సవంలో కచేరీ చేశారు. 2004లో పద్మశ్రీ అందుకొన్నారు. కంచి కామకోటి పీఠం, శృంగేరి శారదాపీఠం, అహోబిల మఠం ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించాయి. మనకు పొరుగునే ఉన్న అహోబిల క్షేత్రం పేరు ధరించిన మఠం ఈ వాద్యాన్ని ఆదరించిందన్న మాట మా బృందానికి ఎంతో ధైర్యాన్ని ఇచ్చింది. 2019 అక్టోబరు 11న ఆయన స్వర్గస్థులైనారు.

విదేశీ వాద్యమన్న ఆక్షేపణ

మొదట్లో ఈ ఆక్షేపణ చేసినవారిలో నేనూ ఉన్నాను. కాని మన సంగీత చరిత్రను కొంచెం తిరగవేస్తే ఆ మాట నిలువదు. నేడు వయొలిన్ లేని కర్ణాటక సంగీత సభ లేదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు ఆ పాశ్చాత్య వాద్యాన్ని నేర్చి, మన సంగీతానికి అమర్చారు. తరువాతి కాలంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది తెలుగువారి కీర్తి అయింది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌ను మనది చేశారు. తమిళనాట ఎ.కె.సి. నటరాజన్ క్లారినెట్‌ను మనది చేశారు.

మన రాయలసీమ పల్లెలలో భజన మందిరం లేని ఊరు అరుదు. ఆ మందిరంలో హార్మోనియం పెట్టెను తాకి కళ్ళకద్దుకొని కూర్చోవడం అందరమూ ఎరిగినదే. ఆ హార్మోనియం కూడా 1840ల నాటి పారిస్ నగరంలోనే రూపుదిద్దుకొన్నది. అంటే హార్మోనియం, శాక్సోఫోన్ ఒకే ఊరిలో, ఒకే దశకంలో వెలుగు చూసిన వాద్యాలు. ఒకదానికి పూలు పెట్టి, మరొకదానిని గుమ్మం వద్ద నిలిపివేయడం సమంజసం కాదు.

కొందరు నోటితో ఊదే వాద్యం ఎంగిలి కదా అంటారు. నాదస్వరం, శంఖం కూడా నోటితో ఊదేవే. శాక్సోఫోన్ మూతలకు తోలు ప్యాడ్లు ఉంటాయి కదా అని మరికొందరు. డోలుకు, మృదంగానికి ఉన్నదీ తోలే. అయితే ఒక నియమం మాత్రం మేము పాటిస్తాము. గర్భాలయం ముందు, ప్రాకారంలో, వీథిలో ఎక్కడ వాయించవచ్చో అర్చకస్వాములు చెప్పిన చోటనే వాయిస్తాము. ఆగమ విషయంలో తుది మాట వారిదే.

శ్రుతి కలపడం – మాకు కలిగిన పరాభవం

ఒక్కరు వాయించడం వేరు, ఏడుగురు ఒక్క గొంతుగా వాయించడం వేరు. మొదటిసారి వీథిలోనికి వచ్చిన రోజున మేము నవ్వులపాలయ్యాము. దానికి కారణం తెలుసుకొంటే ఈ వాద్యం స్వభావం బాగా అర్థమవుతుంది.

శాక్సోఫోన్లలో చిన్నవి పెద్దవి ఉన్నాయి. మా వద్ద ఉన్నవి రెండు రకాలు: ఆల్టో అయిదు, అంతకంటె పెద్దదైన టెనార్ రెండు. రెండింటి మీదా వేళ్ళు వేసే పద్ధతి ఒక్కటే. కాని ఒకే వేళ్ళు వేస్తే పలికే స్వరం ఒక్కటి కాదు. ఆల్టో మీద షడ్జంగా మేము నేర్చుకొన్న స్థానం రెండున్నర శ్రుతిలో పలుకుతుంది. అవే వేళ్ళతో టెనార్ పలికేది దానికి క్రిందనున్న పంచమం. ఈ సంగతి ఎరుగక అందరమూ ఒకే విధంగా వేళ్ళు వేసి కీర్తన ఎత్తుకొన్నాము. అయిదుగురు షడ్జంలో, ఇద్దరు పంచమంలో! తోటలో విడివిడిగా సాధన చేసినప్పుడు ఎవరికి వారికి బాగానే ఉన్నది. వీథిలో కలిసేసరికి రెండు ఊళ్ళ మేళాలు ఒకచోట కలబడినట్లయింది. పల్లకి మోసేవారు సైతం వెనుదిరిగి చూశారు.

ఆ తరువాత మా బ్యాండు పెద్దాయన టెనార్ వాయించేవారికి మాయామాళవగౌళ సరళీ వరుసలను వేరే స్థానం నుండి మళ్ళీ మొదటి పాఠంగా నేర్పించారు. అంటే వారు అప్పటిదాకా నేర్చినదంతా వేళ్ళు మరచి, మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. మాలో దర్జీ మిత్రునికి అందుకు ఎనిమిది నెలలు పట్టింది. ఆయన ఒక్కరోజు కూడా విసుగుకోలేదు. కుట్టు విప్పి మళ్ళీ కుట్టడం తనకు అలవాటేనని నవ్వేవారు.

రెండున్నర శ్రుతిని ఎన్నుకోవడంలో మరొక ప్రయోజనం ఉన్నది. మా ఊరి నాదస్వరం కూడా ఆ శ్రుతిలోనే ఉన్నది. కనుక మేళం ఆపినచోట మేము అందుకోగలము. మేము ఆపినచోట మేళం అందుకోగలదు.

ఎండ, గాలి, రెల్లు

మన సీమలో శ్రుతికి మరొక పరీక్ష ఎండ. గాలి వెచ్చబడితే అందులో శబ్దం వేగంగా ప్రయాణిస్తుంది. ఒక్కొక్క డిగ్రీ వేడికి సెకనుకు సుమారు 0.6 మీటర్ల చొప్పున ఆ వేగం పెరుగుతుంది. దానితో ఊదే వాద్యాలన్నిటి శ్రుతి కొంచెం పైకి పోతుంది. చైత్ర వైశాఖాలలో నలభై డిగ్రీల ఎండలో శ్రుతి ఎక్కుతుంది. కార్తికమాసపు తెల్లవారుజామున దిగుతుంది. విద్యుత్ శ్రుతి పెట్టెకు మాత్రం ఎండా లేదు, చలీ లేదు. అది తన స్థానం నుండి కదలదు. కాబట్టి ఉదయం కలిపిన శ్రుతి మధ్యాహ్నానికి పనికిరాదు. శాక్సోఫోన్ మూతిని మెడకు అమర్చే చోట బెండు చుట్టి ఉంటుంది. మూతిని కొద్దిగా వెలుపలికి లాగితే శ్రుతి తగ్గుతుంది. లోపలికి నెడితే పెరుగుతుంది. ప్రతి వీథి మలుపులోనూ మేము ఒక్క నిమిషం ఆగి చేసే పని ఇదే. మేము వాద్యాలతో ఆడుకొంటున్నామని భక్తులు అనుకోవద్దు.

ఇక్కడి పొడి గాలి రెల్లు బద్దకు శత్రువు. నోటి తడితో నానిన బద్ద ఎండగాలికి ఆరి వంగిపోతుంది. వంగిన బద్ద కీచుమంటుంది. అందుకే వాయించిన వెంటనే బద్దను తీసి, తుడిచి, చదునుగా ఉండే పెట్టెలో పెట్టాలి. వాద్యం లోపలి తేమను గుడ్డతో తుడవకపోతే తోలు ప్యాడ్లు గట్టిపడి గాలి కారుతుంది. అప్పుడు క్రింది స్వరాలు పలకవు. ఈ జాగ్రత్తలు లేకనే ఎన్నో ఇళ్ళలో పాత బ్యాండు వాద్యాలు అటకల మీద మూగవై పడి ఉన్నాయి.

గమకం అన్న మెట్టు

కర్ణాటక సంగీతంలో స్వరం ఒక చుక్క కాదు, ఒక కదలిక. నాదస్వరంలో రంధ్రం మీద వేలు నేరుగా ఆనుతుంది కాబట్టి వేలిని మెల్లగా జరిపి, సగం మూసి, స్వరం నుండి స్వరానికి జారవచ్చు. శాక్సోఫోన్‌లో రంధ్రాలు వేలి కొనకంటె పెద్దవి. వాటిని మీటలకు అమర్చిన మూతలు మూస్తాయి. మీట నొక్కితే మూసుకొంటుంది, వదిలితే తెరుచుకొంటుంది. మెట్లు ఎక్కినట్లు ఉంటుంది తప్ప జారుడు ఉండదు.

మరి గమకం ఎక్కడి నుండి వస్తుంది? క్రింది పెదవి ఒత్తిడిని సడలించడం, బిగించడం వల్ల కొంత వస్తుంది. గొంతు లోపలి ఆకృతిని మార్చడం వల్ల కొంత వస్తుంది. మూతను ఒక్కసారిగా కాక నెమ్మదిగా ఎత్తడం వల్ల కొంత వస్తుంది. స్వరాన్ని క్రిందికి వంచడం తేలిక. పైకి వంచడం కష్టం. ఈ మూడింటినీ కలిపి ఒక్క తోడి గాంధారం పలికించడానికి మావంటివారికి జీవితం చాలదు. అందువల్లనే మేము తోడి, సహాన వంటి రాగాల జోలికి పోము. హంసధ్వని, మోహన, మధ్యమావతి వంటి రాగాలలో చిన్న కీర్తనలు, భజన సంప్రదాయపు పాటలు, తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలలో కొన్ని వాయిస్తాము. ఆ తాళ్ళపాక మన కడప సీమలోనిదే కదా!

ఏడుగురు ఏడు విధాలుగా గమకం వేస్తే మళ్ళీ గందరగోళమే. అందుకు మేము పాటించే పద్ధతి చెక్కభజన నుండి తీసుకొన్నదే. ముందు ఒక్కరు పలుకుతారు, తక్కినవారు అందుకొంటారు. పలికేవారు గమకంతో పలుకుతారు. అందుకొనేవారు స్వరాన్ని నిలకడగా, సాదాగా పలుకుతారు. ఏ కీర్తనయినా వాద్యం పట్టకముందు అందరమూ కలిసి నోటితో పాడుతాము. నోటిలో లేనిది గొట్టంలోనికి రాదు.

నేను చేసిన పొరపాటు

ఇక మూడవ ప్రశ్న. శాక్సోఫోన్ వచ్చాక సన్నాయి మేళం ఎందుకు?

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక ఉత్సవానికి ముందు నిర్వాహకులలో ఒకరు నన్ను పిలిచి, మీరు ఊరకే వాయిస్తారు కదా, ఈసారి మేళం ఖర్చు మిగిలించి అన్నదానానికి వాడుదామని అన్నారు. అన్నదానం మాట వినగానే నాకు అది పుణ్యకార్యంగానే తోచింది. సంతోషంగా తల ఊపాను. ఆ ఏడు మేళాన్ని పిలవలేదు. మేమే ముందు నడిచాము. వీథులలో జనం చప్పట్లు కొట్టారు. నాకు కొంత గర్వం కూడా కలిగింది.

పల్లకి ఒక సందు మలుపు తిరిగినప్పుడు, నలభై ఏళ్ళకు పైగా ఆ స్వామి ముందు నాదస్వరం వాయించిన వృద్ధ విద్వాంసుడు తన ఇంటి అరుగు మీద నిలబడి ఉన్నారు. స్వామికి రెండు చేతులెత్తి నమస్కరించారు. మా వైపు చూసి, మాకూ నమస్కరించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు వారి ఇంటికి వెళ్ళాను. నులకమంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన నిదానంగా అన్నారు: "ఊదండి సారూ, నాకేమీ కష్టం లేదు. అందరూ స్వామికి ఊదేవాళ్ళమే. అయితే మీకు పింఛను వస్తాది, ఆయప్పకు తోట ఉండాది. మీరు దుడ్లు తీసుకోకుండా ఊత్తారని ఊరికి అలవాటైతే, రేపు మా పిల్లోల్ని పిలిచేదెవరు? పిలవకపోతే నేర్చుకొనేదెవరు?"

నా వద్ద సమాధానం లేదు. నేను ఉచితంగా ఇచ్చాననుకొన్న సేవకు వెల ఆయన కుటుంబం చెల్లించింది. అన్నదానానికి మిగిలిందనుకొన్న సొమ్ము ఒక ఇంటి అన్నం నుండి తీసినది.

ఆయన చెప్పిన రెండవ మాట ఇంకా లోతైనది. మేళం అంటే పాటలు మాత్రమే కాదు. తెల్లవారుజామున స్వామిని మేల్కొలిపేటప్పుడు భూపాలం, ఊరేగింపు బయలుదేరేటప్పుడు గంభీరనాటలో మల్లారి, రాత్రి పవళింపు వేళ నీలాంబరి – ఇలా ఏ వేళకు ఏది, ఏ సేవకు ఏది అన్న క్రమం వారి ఇళ్ళలో తరతరాలుగా నిలిచి ఉన్నది. అది చాలావరకు నోటి నుండి చెవికి వచ్చిన విద్య. ఒక్క తరం మేళాన్ని పిలవడం మానితే ఆ క్రమం తెలిసినవారు మిగలరు. మేము ఏడుగురమూ కలిసి వాయించగలిగిన కీర్తనలు పట్టుమని పాతిక లేవు. ఆయన ఒక్కరి జ్ఞాపకంలో ఉన్నది ఆలయ దినచర్య మొత్తం.

మన తెలుగునాట ఈ విద్య కులమతాలకు అతీతంగా పోషించబడినది. నాయీబ్రాహ్మణ కుటుంబాలు దీనిని వంశవృత్తిగా నిలిపాయి. ఒంగోలు సమీపంలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు గారు శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో నాదస్వర సేవ చేసి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి గౌరవం పొందారు. ఇంతటి పరంపరను ఒక బడిపంతులు సరదా కోసం ప్రక్కకు నెట్టవచ్చునా?

మేము పెట్టుకొన్న నియమాలు

ఆ రోజు నుండి మా బృందం మూడు నియమాలు పెట్టుకొన్నది. మేళాన్ని పిలిచి, తగిన సంభావన ఇచ్చిన ఉత్సవానికే మేము వస్తాము. మేళం ముందు, మేము వెనుక. మల్లారి, మంగళం మేళానివే. మాకు ఎవరైనా శాలువా కప్పదలిస్తే మొదట నాదస్వర విద్వాంసునికి, డోలు విద్వాంసునికి కప్పాలి.

ఈ నియమాల వల్ల ఒకటి రెండు చోట్ల మమ్ములను పిలవడం మానుకొన్నారు. ఊరకే వచ్చేవారికి ఇన్ని షరతులా అన్నవారున్నారు. మాకు అందులో బాధ లేదు. ఆ వృద్ధ విద్వాంసుడు వారానికి ఒక్కసారి మా మామిడి తోటకు వచ్చి, వాద్యం పట్టకుండా నోటితో పాడి మాకు గమకాలు చెబుతున్నారు. ఆయనకు నెలనెలా గురుదక్షిణ సమర్పించుకొంటున్నాము, వద్దన్నా ఇస్తున్నాము. మా కళాశాల విద్యార్థి శాక్సోఫోన్‌తో పాటు ఇప్పుడు నాదస్వరం మీద కూడా సరళీ వరుసలు మొదలుపెట్టాడు. నాకు అన్నిటికంటె తృప్తినిచ్చినది అదే.

యాత్రికులకు, దాతలకు విన్నపం

ఊరేగింపులో మేళం వాయిస్తున్నప్పుడు దయచేసి వాద్యకారుల ముందు అడ్డంగా నిలబడి ఫోటోలు తీయవద్దు. నడుస్తూ ఊదేవానికి దారి కనబడాలి. ఎవరైనా తగిలితే వాద్యం మూతి పంటికి కొట్టుకొంటుంది. శాక్సోఫోన్ కనబడగానే సినిమా పాట వాయించమని యువకులు అడుగుతుంటారు. ఆ పాటలకు వేరే వేదికలున్నాయి. స్వామి ముందు స్వామి పాటే.

దాతలకు నా మనవి ఇది. వాద్య సేవకు విరాళం ఇవ్వదలచినవారు మొదట మేళాన్ని తలచుకోండి. ఒక ఉత్సవానికి మేళం సంభావన మీ పేర సమర్పించండి. డోలుకు కొత్త చర్మం, నాదస్వరానికి కొత్త పీకలు, నేర్చుకొనే పిల్లవానికి ఒక ఏడాది గురుదక్షిణ – ఇవి చిన్న మొత్తాలే గాని ఒక విద్యను నిలబెడతాయి. మీట నొక్కితే మోగే విద్యుత్ నగారా యంత్రాలు చాలా ఆలయాలకు విరాళంగా వస్తున్నాయి. మేళం అందుబాటులో లేని చిన్న గుడికి అది ఉపకారమే. మేళం ఉన్న చోట దానికి బదులుగా ఆ యంత్రాన్ని ఇవ్వడం మాత్రం ఉపకారం కాదు. యంత్రానికి వేళ తెలుసు, రాగం తెలియదు.

ఆ తరువాతనే మావంటివారి మాట. మీ ఇంటి అటక మీద పాత శాక్సోఫోన్, క్లారినెట్ ఏదైనా మూగబోయి ఉంటే, దానిని తుక్కుకు వేయవద్దు. ప్యాడ్లు మార్చి, బెండు చుట్టి, బద్ద అమరిస్తే చాలావరకు మళ్ళీ పలుకుతుంది. మీ ఊరిలో నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవారి చేతిలో పెట్టండి.

స్వామి వీథిలో ఎన్ని గొంతులకైనా చోటున్నది. కొత్త గొంతు వచ్చి పాత గొంతు ప్రక్కన నిలబడితే అది సేవ. పాత గొంతును మూయించి తాను నిలబడితే అది సేవ కాదు, అహంకారం. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒక అరుగు మీద నుండి అందిన నమస్కారం నాకు నేర్పింది. ఈసారి మా ఊరి ఉత్సవానికి వచ్చినప్పుడు, ముందు నడిచే నాదస్వరానికి మొదట నమస్కరించండి. ఆ వెనుక మేము ఉంటాము; మా శ్రుతి ఎక్కడైనా తప్పితే మన్నించండి.

శుభం.